తొంభై శాతం సర్వర్

నవంబరు 3, సోమవారం

నిన్న భోజనాల దగ్గర మామయ్య జగన్నాధంగారు నా పరువు తీశారు. ఆయన బ్యాంకులో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ నడిపి రిటైరయ్యారు. నేను విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీకి సర్వర్లు చూస్తాను.

"మా మెయిన్‌ఫ్రేమ్ పగలంతా తొంభై శాతం మీద పన్జేసీది. నీ సర్వర్ల ప్రాసెసర్లు ఎంత వాడతన్నావేటి అల్లుడూ?"

"పన్నెండు శాతం."

"మరి మిగతాదంతా తొంగున్నాదేటి?"

శైలజ కూడా నవ్వింది. సొంత భార్య!

తీర్మానం: పది రోజుల్లో తొంభై శాతం!!

నవంబరు 4

హాజరు, లైబ్రరీ, హాస్టల్ మెనూ, అన్నీ ఒకే సర్వర్ మీదికి. 38! మిగతా మూడు సర్వర్లలో రెండింటిని ఆపేశాను. గదిలో ఎంత ప్రశాంతం!

నవంబరు 6

పీరియడ్ల గంట, ఫలితాల పేజీ, సీసీ కెమెరాలు కూడా దాని మీదికే ఎక్కించి, మిగిలిన సర్వర్ కూడా ఆపేశాను. 71! మామయ్యకి ఫొటో పంపితే బొటనవేలు బొమ్మ పెట్టారు.

నవంబరు 7

83. హాజరు పేజీ తెరుచుకోడానికి నాలుగు నిమిషాలు. నెట్ సమస్య అని చెప్పాను. నెట్ బాగానే ఉంది.

నవంబరు 10, సెమిస్టర్ ఫలితాలు

10:00 – 91!!!

10:02 – 100. ఫలితాల పేజీ తెల్లగా ఉంది.

10:50 – పీరియడ్ గంట మోగలేదు.

11:40 – ఇంకా మోగలేదు. ఫిజిక్స్ దాలయ్య మాస్టారు మూడో పాఠంలోకి వెళ్లిపోయారు. కాలేజీ మొత్తంలో ఆనందంగా ఉన్నది ఆయనొక్కరే.

11:55 – ప్రిన్సిపల్ కృపారాణి మేడమ్ గుమ్మంలో. "పాసో ఫెయిలో తెలీక పిల్లలు ఏడస్తన్నారు. ఏటి సేసినావు దేవేంద్రా?"

నిజం చెప్పేశాను. మూడు సర్వర్లూ ఆన్ చేసి, పనులన్నీ పాత చోట్లకి పంచేశాను.

12:20 – ఫలితాలు వచ్చాయి. ఆగిపోయిన గంటలన్నీ వరసగా మోగాయి. కాలేజీ వదిలేశారనుకుని సగంమంది ఇళ్లకు బయల్దేరారు.

నవంబరు 11

మామయ్య ఇంటికొచ్చారు. "తొంభై మీదున్నా ఎవుడి పని ముందో మా మిషనుకి తెలుసు అల్లుడూ. అర్జెంటుది వస్తే మిగతాయి తప్పుకునీవి. నీకాడ హాస్టల్ ఉప్మా, పిల్లల రిజల్టూ ఒకేపాలి దూరీసినాయి. రద్దీకి జాగా ఉంచాల."

తర్వాత గొంతు తగ్గించారు. "ఉజ్జోగంలో సేరిన కొత్తలో నాను బ్యాంకు బ్యాంకే ఆపీసినాను. శైలజకి సెప్పకు."

కడుపుబ్బ నవ్వుకున్నాం.

నవంబరు 12

నాలుగు సర్వర్లూ నడుస్తున్నాయి. 12 శాతం. క్షేమం. విసుగు.

నవంబరు 13

9:15 – కొత్త తీర్మానం: యాభై చాలు. ఫలితాల జోలికి వెళ్లను. ముందు హాస్టల్ మెనూ ఒక్కటే హాజరు సర్వర్ మీదికి మారుస్తాను.

9:40 – పదమూడు! మేడమ్ సోమవారం దాకా సెలవట. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా!