ఆయన దిగే ఊరు

అక్కగారికి నమస్కారం.

మీవారు పోయారని తెలిసి ఫోన్ చేస్తే, "ఆయన ఈ గడప తొక్కి ఏళ్లయిపోయిందండీ" అన్నారు మీరు. అందుకే రాస్తున్నాను.

మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో మెకానిక్కులం. ప్రతి శుక్రవారం కంపెనీ ఇచ్చే టిక్కెట్ల మీద ఒకే విమానంలో ఇళ్లకు బయలుదేరేవాళ్లం. అది ముందు మీ ఊళ్లో ఆగి, తర్వాత మా ఊరు వెళ్లేది. దారి పొడుగునా ఎవరి ఊరు గొప్పదన్న వాదనే. మా ఊళ్లో అద్దెలు తక్కువ, విమానాశ్రయం దగ్గర అనేవాణ్ణి.

"మీ ఊరి నీళ్లు నోట్లో పెట్టలేం కదయ్యా! మా ఊళ్లో ట్రాఫిక్ నరకమే, ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం చల్లగాలికి మా ఆవిడ డాబా మీద కూర్చుంటుంది. దానికి ఏ ఊరు సాటి?" అనేవారు.

అదంతా కల్పనే అనుకుందామంటే, పోయే ముందు వారం దిగులుగా అన్నారు: "ఈమధ్య చేతికర్ర లేందే డాబా మెట్లు ఎక్కలేకపోతోందయ్యా."

మీరు నిజంగానే కర్ర పట్టుకుంటున్నారా అక్కగారూ? అయితే ఆయన మీ వీధిలోనే ఎక్కడో నిలబడి చూసేవారన్నమాట. మీ మధ్య ఏం జరిగిందో అడగను. ఆ ఒక్క ముక్క రాయండి, చాలు.

మొన్న విమానం మీ ఊళ్లో ఆగగానే, పక్క సీటువైపు తిరిగి "లేవండి, మీ ఊరొచ్చింది" అనేశాను.

ఇట్లు,
మీవారి తోటి ప్రయాణికుడు