డ్రాగన్‌కి పసుపు స్టిక్కరు

1, సోమవారం. ఉదయం

కొత్త నెల. కొత్త నోరు!

నిర్ణయం: ఈ నెలంతా టోకెన్ల గురించి నా అభిప్రాయం ఎవరికీ చెప్పను.

కారణం కూడా రాసిపెట్టుకోవాలి, లేకపోతే రేపటికే మర్చిపోతాను. మాది వీడియో గేముల షాపు. పదేళ్ళుగా కౌంటరు నాదే. ఈమధ్య హెడ్డాఫీసువాళ్ళు ఆటలతోపాటు టోకెన్లు కూడా అమ్మమన్నారు. టోకెన్ అంటే డ్రాగన్ బొమ్మ. చేతికిచ్చే బొమ్మ కాదు, ఎక్కడో కంప్యూటర్లో ఉండే బొమ్మ. కొన్నవాళ్ళకి మనం ఇచ్చేది ఒక అట్టముక్క. గీకితే కోడు వస్తుంది. ఆ డ్రాగన్‌తో ఆడుకోవడానికి లేదు. ఊరికే సొంతం చేసుకోవాలి, అంతే. "దేనికండీ ఇది?" అని ఎవరడిగినా "నాకూ తెలీదండీ, హాయిగా ఒక ఆట కొనుక్కెళ్ళండి" అనేదాన్ని. పోయిన నెల అమ్మినవి: సున్న.

ఇవాళ మేనేజరుగారు (వెనకాల మేం పిలుచుకునే పేరు టార్గెట్‌గారు) గదిలోకి పిలిచారు. ఈ నెల పది అమ్మాలట. లేకపోతే మూలనున్న పాత ఆటల అర పీకేసి అక్కడ డ్రాగన్లు ఎగిరే పెద్ద తెర పెడతారట. అర పోతే అర చూసుకునే మనిషి ఎందుకు? అంటే నేనూ పోతాను.

ఆ అరంటే నాకు ప్రాణం. ఆడేసిన డిస్కులు జనం తెస్తారు. లైటు కింద వంచి గీతలు చూస్తాను. అరలో పెడతాను. ఇంకొకరు సంబరంగా పట్టుకెళ్తారు. షాపులో ఏ ఆట అమ్మినా నేను అంటించే పసుపు స్టిక్కరు అందుకే: "నచ్చకపోతే తెచ్చేయండి. సగం విలువకి పాత ఆట పట్టుకెళ్ళండి." ఆ మాట ఇంతవరకూ తప్పలేదు.

కాబట్టి నియమాలు.
అడగకపోతే చెప్పను.
అడిగినా చెప్పను.
ముఖంతో కూడా చెప్పను!!

సాయంత్రం

ఇంట్లో ప్రాక్టీసు. అత్తయ్య కస్టమరు, నేను నేనే. చిరునవ్వుతో మొత్తం వివరించాను. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుంది.

"అంటే ఏంటే అమ్మాయ్, బొమ్మ వాళ్ళింట్లోనే ఉంటుంది. మనకి రసీదు ఇస్తారు. అంతేగా?"

పగలబడి నవ్వాను. ప్రాక్టీసు లెక్కలోకి రాదు.

2, మంగళవారం

మొదటి పరీక్ష. పెళ్ళికొడుకులా తయారైన ఒకాయన అట్టముక్క తిప్పి తిప్పి చూసి "దీని విలువ పెరుగుతుందా?" అన్నాడు.

"పెరగొచ్చండీ."

"పెరగకపోతే?"

"పెరగదండీ."

పెట్టేసి వెళ్ళిపోయాడు. కానీ నేను చెప్పింది అభిప్రాయం కాదు, నిజం. నిర్ణయం చెక్కుచెదరలేదు.

4, గురువారం

పళ్ళ డాక్టరుగారు వచ్చారు. మా పాత కస్టమరు, ఫుట్‌బాల్ ఆటల పిచ్చి. డ్రాగన్ వంక చూపించి సూటిగా అడిగేశారు. "మీరైతే కొంటారా?"

దగ్గాను. ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ అడిగారు. మళ్ళీ దగ్గాను. నోరు తెరవమని లోపలికి చూసి, గొంతు సంగతి తెలీదుగానీ వెనకపన్ను ఒకటి పుచ్చిందని చెప్పి వెళ్ళారు.

దగ్గు అభిప్రాయం కాదు. ఎవరినైనా అడగండి.

5, శుక్రవారం

టార్గెట్‌గారే ఒక టోకెన్ కొన్నారు. మాకు నమ్మకం కలిగించడానికట. ఫోను నా ముఖం ముందు పెట్టి "చూడు, నా డ్రాగన్!" అన్నారు. ఆకుపచ్చది. ముక్కు కొంచెం ఆయనలాగే ఉంది (ఇది పైకి అనలేదు, మెచ్చుకోవాలి).

నా ఫోనుతో దాన్ని ఫొటో తీసి చూపించాను. "సార్, ఇప్పుడు నా దగ్గర కూడా ఉంది."

"నీ దగ్గరున్నది బొమ్మ. నా దగ్గరున్నది యాజమాన్యం."

"అదెలా ఉంటుంది సార్? ఒకసారి చూపించండి."

ఎంత నాలుక కరుచుకుని ఏం లాభం! ఆయన ముఖం మాడిపోయింది. ఇంకో ఇరవై అట్టముక్కల కట్ట తెచ్చి నా ముందు పడేసి, "ఇవన్నీ సర్ది వెళ్ళు" అన్నారు.

సర్దాను. నామీద నాకే ఒళ్ళు మండిపోతోంది. బుర్ర ఎక్కడో ఉంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

అడిగింది ప్రశ్న. ప్రశ్న అభిప్రాయం ఎలా అవుతుంది? రేపట్నుంచి ప్రశ్నలు కూడా బంద్.

6, శనివారం

ఆరు!!! ఒక్కరోజులో ఆరు!

జనం అట్టముక్క చేతిలోకి తీసుకోవడం, వెనక్కి తిప్పి చదవడం, తలాడించడం, బిల్లు వేయించుకోవడం. పళ్ళ డాక్టరుగారు కూడా ఒకటి తీసుకున్నారు. నన్ను ఒక్క ముక్క అడగలేదు. నేను నవ్వుతూ నిలబడ్డాను, అంతే.

ఇన్నేళ్ళూ నా నోరే అడ్డమన్నమాట. అమ్మ ఎంత మొత్తుకుందో!

9, మంగళవారం

మధ్యాహ్నానికి పది పూర్తి. టార్గెట్‌గారు కేకు తెప్పించారు. "నీలో ఇంత శక్తి ఉందనుకోలేదమ్మా" అని మొదటి ముక్క నాకే ఇచ్చారు. కళ్ళు చెమర్చాయి. అర నిలబడింది. నేను నిలబడ్డాను.

కేకు నోట్లో ఉండగానే పళ్ళ డాక్టరుగారు వచ్చి అట్టముక్క కౌంటరు మీద పెట్టారు. "తెలిసినవాళ్ళందర్నీ అడిగానండీ, ఈ డ్రాగన్ని ఎవరూ ఊరికే ఇచ్చినా వద్దన్నారు. తీసేసుకోండి."

"దీన్ని తీసుకోవడం కుదరదండీ..."

"భలేవారే! మీరే రాశారుగా." వెనక్కి తిప్పారు.

పసుపు స్టిక్కరు!

శుక్రవారం సాయంత్రం. ఇరవై అట్టముక్కలు. నా చేతులు! ఏది కనిపిస్తే దానికి స్టిక్కరు అంటించడం అలవాటైన పాడు చేతులు.

జనం కొన్నది డ్రాగన్ని కాదు, స్టిక్కర్ని. నా నవ్వు వల్ల కాదన్నమాట. అది కొంచెం బాధగానే ఉంది.

టార్గెట్‌గారు కేకు చాకు పట్టుకుని అలాగే ఉండిపోయారు. కాదంటే ఆయన పది ఆయనకి మిగులుతుంది. నా అర నాకు మిగులుతుంది. కానీ కాదనడానికి నోరు రాలేదు. ఎందుకు అభిప్రాయం చెప్పావని తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు, మాట తప్పావని తిట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. 

అట్టముక్క తీసుకున్నాను. అలవాటుగా లైటు కింద వంచి చూశాను. "గీతలున్నాయండీ."

"గీకమన్నది మీరేగా!"

నిజమే. రెండు పాత ఫుట్‌బాల్ ఆటలు తీసుకుని ఈల వేసుకుంటూ వెళ్ళారు. టోకెన్ కొని అంత సంతోషంగా వెళ్ళిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

12, శుక్రవారం

పదీ వెనక్కి వచ్చేశాయి. వచ్చినవాళ్ళు ఒకటికి రెండు పాత ఆటలు చూసుకున్నారు, కొందరు కొత్తవి కూడా కొన్నారు. షాపు కళకళలాడింది. ఇప్పుడు పాత ఆటల అరలో సగం ఖాళీ, ఒక మూల పది డ్రాగన్లు. వాటివైపు ఎవరూ కన్నెత్తి చూడటం లేదు.

టార్గెట్‌గారు మూడురోజులుగా నాతో మాట్లాడలేదు. రేపో మాపో కాగితం చేతికిస్తారని పొద్దున్నే నా కప్పు, గొడుగు సంచిలో సర్దుకున్నాను. అరని ఒకసారి తుడిచాను. ఏడుపొచ్చింది.

షట్టరు దించే వేళకి ఆయన వచ్చారు. అటూ ఇటూ చూశారు. జేబులోంచి అట్టముక్క తీసి నా ముందు పెట్టారు. ఆకుపచ్చ డ్రాగన్.

"ఇది స్టిక్కర్లకి ముందు కొన్నది" అన్నారు మెల్లగా.

"అవును సార్."

"ఒక స్టిక్కరు... ఉందా?"

నా దగ్గర కనీసం పది జవాబులున్నాయి. ఒక్కటీ వాడలేదు. ఆ నిమిషంలో ఆయన మీద జాలేసింది, నిజంగానే. స్టిక్కరు తీసి జాగ్రత్తగా అంటించాను. ఆయన కార్ల రేసు ఆట ఒకటి తీసుకున్నారు. చాలాకాలంగా దానివైపు చూసి చూసి వెళ్ళిపోయేవారు.

"హెడ్డాఫీసుకి ఏం చెప్తారు సార్?"

"వాళ్ళ కంప్యూటర్లో అమ్మకం కనిపిస్తుంది. వెనక్కి తీసుకునే మీటే పెట్టలేదు వాళ్ళు."

గొడుగు మళ్ళీ దాని చోట్లో పెట్టేశాను.

1, బుధవారం. ఉదయం

హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు. అర అక్కడే ఉంటుంది. నేనూ ఉంటాను. ఈ నెల మాత్రం ఇరవై అమ్మాలట! ఈసారి డ్రాగన్లు కాదు, డ్రాగన్ల టోపీలు. డ్రాగన్ వేరే, టోపీ వేరే.

కొత్త నెల. కొత్త నోరు!

నిర్ణయం: టోపీల గురించి నా అభిప్రాయం ఎవరికీ చెప్పను. అడిగినా చెప్పను. దగ్గను. ఫొటో తీయను. స్టిక్కర్ల కట్ట సొరుగులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి సార్‌కి ఇచ్చేశాను. చేతుల్ని నమ్మలేం.

అత్తయ్యకి చెప్తే "తల లేనివాటికి టోపీలేంటే?" అంది. నవ్వలేదు. పెదవి కొరుక్కున్నాను. శుభారంభం.

మధ్యాహ్నం

ఒకావిడ అడిగింది. "ఇది దేనికండీ?"

"నాకూ తెలీదండీ."

అయ్యో.

సాయంత్రం

రేపట్నుంచి ఖచ్చితంగా!

ఇంతలో టార్గెట్‌గారు వచ్చారు. పైనున్న ఫ్యాను వంక శ్రద్ధగా చూస్తూ, తాళంచెవి కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయారు.