బీరువాలో నా కాగితాలు, మొదటి పేజీలో మా వాషర్లు

ఉప్పల్,
ఆదివారం

పెద్దక్కకు, చెల్లెలు సరిత దండాలు పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లా బాగున్నారనుకుంటాను. పిల్లకు దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నావా? ఫోన్లో చెబుదామంటే హాస్టల్ ఆంటీ చెవులు నా మీదే వేసి కూర్చుంటుంది, అందుకే ఈ ఉత్తరం. చదివాక అమ్మకు సగమే చెప్పు.

ఎండలు మండిపోతున్నాయి. నాచారంలో పంపులకు వేసే రబ్బరు వాషర్లు చేసే మా షెడ్డుకు పైన రేకులు, లోపల కాలిన రబ్బరు వాసన. బస్సులో నిలబడి పోతాను, నిలబడి వస్తాను. హాస్టల్ పప్పు వట్టి నీళ్లు. నీ మామిడికాయ తొక్కుతోనే రెండు ముద్దలు దిగుతున్నాయి. సీసా అడుగు కనిపిస్తోంది, గుర్తుపెట్టుకో.

ఇక అసలు సంగతి. చేరిన రోజే మా సారు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టాడని చెప్పాను కదా. మధ్యలో మానేసి పోకుండా ఇక్కడ చాలా చిన్న కంపెనీలు అంతే. మన జిల్లాలో సర్కారు ఉద్యోగానికి నా పేరు వచ్చిందని తెలిసిన రోజే సారును అడిగాను. వచ్చే నెల మొదటి శుక్రవారం ఒరిజినల్స్ చూపించాలి. జిరాక్సులు చెల్లవు. చూపించకపోతే నా తర్వాతి వాళ్లను పిలుస్తారు.

"మన వెబ్‌సైటు ఎవ్వలకు కనవడ్తలేదు సరితా. ఇంటర్నెట్ల ఎవలన్న ఎతికితే మనమే ముందుగాల రావాలె. గది జేయి, నీ కాయితాలు నీకిస్త. నా మీద నమ్మకం లేదా బిడ్డా?" అన్నాడు.

నమ్మాను, నా బుద్ధి తగలెయ్య!

ఆ సైటు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైన సారు దండ వేసుకున్న ఫోటో. కింద మా వాషర్ల పేర్లున్న కాగితాన్ని ఫోటో తీసి అంటించారు. వెతికే యంత్రానికి ఫోటోలోని అక్షరాలు చదవడం రాదక్కా. మేమేం అమ్ముతామో దానికి తెలిస్తే కదా ఎవరికైనా చూపించేది! ఇక అక్షరాల్లో రాసిన మాట 'నాణ్యతకు మారుపేరు' ఒక్కటే. నాణ్యత అని కొట్టి వాషర్లు ఎవరు వెతుకుతారు? పాత గిరాకీలకు ఫోన్ చేసి, మీరైతే ఏమని వెతుకుతారని అడిగాను. చర్లపల్లిలో పంపులు బాగుచేసే మల్లేశన్న, "నేనైతే నాచారం రబ్బరు వాషర్ అని కొడ్త చెల్లే" అన్నాడు. ఆ మాటలే పెట్టాను. ఒక్కో వాషర్‌కు ఒక్కో పేజీ, కొలతలతో సహా కొట్టాను. మల్లేశన్న తన సైటులో మా పేరు పెట్టి, దాని మీద నొక్కితే మాది తెరుచుకునేలా చేయించాడు. అలా వేరేవాళ్లు చూపిస్తే వెతికే యంత్రానికి మా మీద నమ్మకం పెరుగుతుందట. అడ్రసు, దారి అన్నీ రాశాను. ఫోన్ నంబరు మాత్రం సారు నాదే పెట్టమన్నాడు.

ఆఫీసు కంప్యూటర్‌ను నమ్మలేం. రోజూ మన సైటే తెరుస్తుంటే మనకు మనదే ముందు చూపిస్తుంది. అందుకే సాయంత్రం ఉప్పల్‌లో దిగి ఇంటర్నెట్ సెంటర్‌లో చూసుకునేదాన్ని. మొదట మేము కనిపించింది ఐదో పేజీలో. తర్వాత మూడో పేజీ. రెండు నెలలు పట్టింది. మొన్న మంగళవారం మొదటి పేజీలో, అందరికంటే పైన! పక్క సీటు ఆవిడ ఉలిక్కిపడేలా అరిచాను.

సారు కంప్యూటర్‌కు బొట్టు పెట్టాడు, నిమ్మకాయ మిరపకాయలు కట్టాడు. నేను చెయ్యి చాపాను. చేతిలో లడ్డూ పెట్టాడు.

"కాయితాలు సార్."

"ఇప్పుడెట్ల పోతవ్? నువ్వు పోతే మనది మల్ల కిందికి జారదా? ఎన్ని ఫోన్లొస్తున్నయో సూడు. జర ఆగు."

నా చేతులతో నన్ను నేనే కట్టేసుకున్నాను అక్కా. ఒళ్లు మండిపోయింది. డూప్లికేట్లు తీసుకుందామంటే, ఒరిజినల్స్ పోయాయని పోలీసులకు రాసివ్వాలట. పోయాయని ఎలా రాయను? బీరువా నా కుర్చీ వెనకే ఉంది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. నేను లేకపోయినా పని ఆగకుండా, ఏ పేజీ ఎలా మార్చాలో, పాస్‌వర్డ్ ఏమిటో, మొత్తం తెలుగులో ఒక నోటుబుక్కు నిండా రాశాను. నిన్న సారు ముందు పెట్టి, "ఇది సూసి ఎవలైనా జేస్తరు సార్. ఇగ నన్ను పంపుండ్రి" అన్నాను.

ప్రతి పేజీ తిప్పాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "బంగారం అసోంటిది రాసినవ్ బిడ్డా. ఇది పోతే మల్ల దొరుకది" అంటూ లేచి, బీరువా తెరిచి, నా సర్టిఫికెట్ల మీదే ఆ నోటుబుక్కు పెట్టి తాళం వేశాడు.

ఆఫీసులో ఏడవలేదు. బస్సులో ఏడ్చాను.

పెద్దమ్మకు, తాతకు నా దండాలు చెప్పు. పిల్లకు నా ముద్దులు. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. కానీ ఆ శుక్రవారం లోపు బావను వెంటబెట్టుకొని రా అక్కా. నేనొక్కదాన్నే అడిగితే బిడ్డా బిడ్డా అని కూర్చోబెడుతున్నాడు. బావ ఎదురుగా కూర్చుంటే అలా కుదరదు. అమ్మకు మాత్రం తొక్కు ఇవ్వడానికి పోతున్నామని చెప్పండి.

దారి తెలియదని బావ వెనకాడితే, జనగామలో ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోనైనా 'నాచారం రబ్బరు వాషర్' అని కొట్టించు. మొదట మేమే వస్తాం. బస్సు దిగిన దగ్గర నుంచి గేటు దాకా దారి నేనే రాసిపెట్టాను. కింద ఉన్న నంబరుకు ఫోన్ చెయ్యండి, నేనే ఎత్తుతాను.

మీ దీవెనల కోసం, మీ కోసం ఎదురుచూసే
సరిత