పెన్‌గంగ దాటాక ఎడమ పక్క

నవంబర్ 3, 2025

ప్రయాణాల వాట్సాప్ గ్రూపులో ఇవాళ నాకు పదిహేడు దండం బొమ్మలు వచ్చాయి. లెక్కపెట్టుకున్నాను. సిగ్గు లేదు నాకు.

చెన్నై నుంచి విశాఖ ఫ్లైట్‌లో సముద్రం కనిపించాలంటే ఏ వైపు సీటు తీసుకోవాలని మొన్న ఒకాయన అడిగాడు. అందరూ తలో మాట చెబుతుంటే నేను పిల్ల పాత అట్లాసు తీసి చూసి, కుడి వైపు విండో అని పెట్టాను. ఆయన ఇవాళ ఎక్కి ఫోటో పెట్టాడు. రెక్క, దాని కింద అంతా నీలం. రజినిగారు ఎన్నిసార్లు తిరిగితే ఇంత తెలిసిందో అని ఎవరో రాశారు. నేను విమానం చూసింది తల పైకెత్తి మాత్రమే. ఉదయగిరి దాటి నేను వెళ్ళిన దూరం తిరుపతి, చెన్నై, అంతే. ఏమీ జవాబు ఇవ్వలేదు. ఊరుకోవడం అబద్ధం కాదు కదా.

నవంబర్ 4

ఈ గ్రూపులోకి వచ్చి సరిగ్గా ఏడాది. నెల్లూరు నుంచి రాజమోహన్‌గారు మా ఉదయగిరి కోట చూడ్డానికి వచ్చి, మా వర్క్‌షాపులో చెక్క గరిటెలు కొన్నాడు. బ్యాంకులో రిటైర్ అయిన మనిషి. నాగపూర్ దాకా కారులో వెళ్తున్నాము, దారిలో భోజనం ఎట్లా అని వాళ్ళావిడతో అంటుంటే, ఫోర్కు పళ్ళు ఆకురాయితో అరగదీస్తున్న నేను నోరు ఊరుకోక రెండు హోటళ్ళ పేర్లు చెప్పాను. ఆయన అక్కడే నన్ను గ్రూపులో కలిపేశాడు. ఆ తర్వాత తెలిసింది, వాళ్ళు రైల్లో వెళ్ళారంట.

నాకు హోటళ్ళు ఎట్లా తెలుసంటే, మా ఆయన కోటేశ్వర్ పంతొమ్మిదేళ్ళు లారీ తోలాడు. ఎక్కడున్నా ఫోన్ చేసేవాడు. యాడ తిన్నావు, ఏం కూర, ఎవురు వడ్డించినారు అని అడిగేదాన్ని. చెప్పేవాడు. అన్నీ డైరీల్లో రాసుకున్నాను. పదమూడు డైరీలు. రెండేళ్ళ కింద కన్ను మసక వచ్చి ఆయన స్టీరింగ్ వదిలేశాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని గరిటెలకు నునుపు పెడుతున్నాడు. గ్రూపు సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే వెక్కిరిస్తాడు.

నవంబర్ 9

ఆత్మకూరు నుంచి కృపారాణి అని ఒక టీచరమ్మ గ్రూపులో అడిగింది. వాళ్ళ అత్త రెబెకమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. నాగపూర్‌లో ఉన్న చెల్లెల్ని చూసి పదకొండేళ్ళయిందంట. చెల్లెలు మంచం పట్టింది. హైదరాబాదు నుంచి ఫ్లైట్ మేలా, కారు మేలా? ముసలామెకు సుగర్ ఉంది, పూటపూటకూ ఇన్సులిన్.

అందరూ ఫ్లైటే అన్నారు. గంటంబావులో దిగిపోతారు, వీల్ చెయిర్ ఇస్తారు, ముందే చెబితే భోజనం కూడా సుగర్ వాళ్ళకు తగినట్టు పెడతారు. రాజమోహన్‌గారు ఎన్ని గంటల ఫ్లైట్ మంచిదో కూడా రాశాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. అదే నిజం. ఫ్లైట్ మాట వస్తే నా డైరీలు ఎందుకూ పనికి రావు.

రోడ్డు మీద వెళ్ళండి టీచరమ్మా అని పెట్టాను. నాగపూర్ రోడ్డులో పెన్‌గంగ నది వంతెన దాటాక పది నిమిషాలకు ఎడమ పక్క కాంతమ్మ హోటల్ ఉంటుంది. రేకుల కప్పు, ముందు నీలం డ్రమ్ము. మన కావలి వైపు మనిషి. ముసలివాళ్ళకు అన్నం మెత్తగా విడిగా వండి పెడుతుంది. పెసరపప్పు, వంకాయ, చారు. కారం తక్కువ.

రెబెకమ్మకు చదివి వినిపించిందంట. నేను విమానం ఎక్కను, కాంతమ్మ కాడికే పోదాం అనిందంట.

నవంబర్ 10

కారే ఖాయం. గెలిచాను.

నవంబర్ 18, పొద్దున

కృపారాణి హైదరాబాదు నుంచి మెసేజ్ పెట్టింది. రాత్రి అక్కడ పడుకుని ఆరింటికి బయలుదేరారు. మొగుడు తోలుతున్నాడు. మా అత్త దారంతా కాంతమ్మ కాంతమ్మ అని ఒకటే జపం అంట. నవ్వుకున్నాను.

మధ్యాహ్నం 1.10

ఫోన్ చేసింది. వంతెన దాటి ఇరవై నిమిషాలయింది, ఎడమ పక్క ఏమీ లేదు అంటోంది. పత్తి చేలు, ఒక పెట్రోలు బంకు, అంతే అంట. గొంతు బాగాలేదు. పది నిమిషాల్లో హోటల్ అన్నావు కదక్కా, అన్నానికి పావుగంట ముందు వెయ్యాలని వంతెన కాడనే అత్తకి సూది వేసేసినాను అంది.

 అయినా డైరీలో ఉంది. రెండువేల తొమ్మిది, పన్నెండు, పదిహేను. మూడు డైరీల్లో ఉంది. మీరే దాటేసి ఉంటారు, వెనక్కి రండి అన్నాను.

ఇంటికి ఫోన్ చేసి ఆయన్ను అడిగాను. కాంతమ్మ హోటల్ సరిగ్గా యాడ అని. ఎవురికి అన్నాడు. గ్రూపు సంగతంతా చెప్పాను.  ముందుకే పొమ్మను, పాండర్‌కవడ ఊర్లో ఏదో ఒకటి ఉంటాది, వెనక్కి రావద్దను అన్నాడు. ఎందుకు అంటే, చెప్పేది విను అన్నాడు. కన్నుతో పాటు ఈయనకు మతి కూడా మసక పట్టినట్టుంది అనుకున్నాను. కృపారాణికి మళ్ళీ చేసి, వెనక్కే రండి, నీలం డ్రమ్ము చూడండి అన్నాను.

1.50

ఎత్తడం లేదు.

సాయంత్రం 4

ఆమె మొగుడు ఎత్తాడు. వంతెన దాకా పోయి, మళ్ళీ తిరిగి, రోడ్డు పక్కన ఒక్కొక్కరినీ అడుగుతుంటే వెనక సీట్లో ముసలామెకు సుగర్ పడిపోయి చెమటలు పట్టినాయంట. చక్కెర నీళ్ళు నోట్లో పోస్తే పక్కకు కారిపోయినాయంట. ఫిట్స్ వచ్చాయంట. ఆస్పత్రిలో ఉన్నారు. స్పృహ రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నవంబర్ 19

గ్రూపంతా గోలగోలగా ఉంది. ఆ హోటల్ అసలు ఉందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. రాజమోహన్‌గారు నా తరఫున రాశాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసి ఉంటారు, రజినమ్మ తప్పేముంది అని.

నేను కింద రాశాను: అవునండీ, రోడ్డు పనుల్లో పోయినట్టుంది.

ఈ చేత్తోనే రాశాను. ఇది మాత్రం ఊరుకోవడం కాదు.

నవంబర్ 20

అడిగేశాను. పొద్దున్నే, ఆయన అరుగు మీద గరిటె రుద్దుతుంటే డైరీలు పదమూడూ తెచ్చి ముందు పెట్టాను. రెండువేల తొమ్మిది తీసి కాంతమ్మ పేజీ చదివాను. రుద్దడం ఆపాడు. లేదు అన్నాడు. కొట్టేసినారా అన్నాను. యాడ కొట్టేది, ఉంటే కదా కొట్టేది అన్నాడు.

తర్వాత చెప్పుకొచ్చాడు. పెళ్ళయిన కొత్తలో, రెండువేల నాలుగులో, నాకు ఐదో నెల. ఆయన ఫోన్ పక్కింటి మస్తానమ్మ వాళ్ళింటికి వచ్చేది. తిన్నావా అంటే లేదు, బండి చెడిపోయింది, యాడా ఏమీ దొరకలేదు అన్నాడంట. ఆయన తినకుండా నేను తినేదాన్ని కాదు. మా అమ్మ అంతే, మా అవ్వ అంతే. రెండు రోజులు తినకుండా ఉండి బావి దగ్గర పడిపోయాను. అది నాకు గుర్తుంది. మస్తానమ్మ ఫోన్‌లో ఆయన్ను చెడామడా తిట్టిందంట. నీ పెండ్లాం కడుపుతో ఉండాది, ఇంకోసారి తినలేదని చెప్తే చూడు అని. అది నాకు తెలియదు.

ఆ రోజు నుంచి తిన్నాను అనే చెప్పాడు. ఉత్తగా తిన్నాను అంటే నేను నమ్మేదాన్ని కాదు కదా. ఏం కూర, ఎవురు వడ్డించినారు, ఎట్లుంటాది ఆమె. అడిగేకొద్దీ కథ అల్లాడు. ముందు పోయే లారీ వెనక కాంతమ్మ అని రాసి ఉందంట, ఆ పేరు పెట్టేశాడు. నిజానికి బండి పక్కన రాళ్ళ మీద అన్నం వండుకుని, కారప్పొడి కలుపుకుని తినేవాళ్ళంట. కొన్ని రోజులు అదీ లేదు.

పదమూడు డైరీల్లో నిజమైనవి ఎన్ని అన్నాను. నాలుగైదు ఉంటాయి అన్నాడు. ఏవి అంటే, ఆలోచించాలి అన్నాడు.

నేను తినాలనే అవన్నీ చెప్పాడు. ఆయన కారప్పొడి తింటూ నాకు వంకాయకూర వర్ణించాడు. ముందు ఏడుపు వచ్చింది, దాని వెనకే చెప్పలేనంత కోపం వచ్చింది. బిడ్డ పుట్టాక చెప్పొచ్చు కదా. పదేళ్ళకైనా చెప్పొచ్చు కదా. మొన్న ఫోన్‌లో ఒక్క మాట, లేదే ఆ హోటల్ అని చెప్పి ఉంటే వాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు కాదు. ఆ మాటా అనేశాను. నోరు రాలేదు అన్నాడు. నీకు గ్రూపులో రాయడానికి ఎవురు చెప్పినారు అని తిరిగి నన్నే అడిగాడు. అదీ నిజమే.

నవంబర్ 21

ఏడాదిలో నలభై మూడు హోటళ్ళు చెప్పాను. ఎవరెవరు వెతుక్కుంటూ పోయారో.

నవంబర్ 24

రెబెకమ్మకు స్పృహ వచ్చింది. దేవుడా. మనుషుల్ని గుర్తుపడుతోందంట. కానీ మాటలు తారుమారు అవుతున్నాయంట. చెల్లెలే నాగపూర్ నుంచి బండిలో పడుకుని వచ్చి చూసి వెళ్ళిందంట. అక్కాచెల్లెళ్ళు చూసుకున్నది పది నిమిషాలే.

నవంబర్ 30

ఆత్మకూరు వచ్చేశారు. వెళ్ళాలి. వెళ్ళి నిజం చెప్పాలి. రేపు.

డిసెంబర్ 1

వెళ్ళలేదు. కడుపు నొప్పి అనుకున్నాను. నొప్పి లేదు.

డిసెంబర్ 4

ఇద్దరం బస్సులో ఆత్మకూరు వెళ్ళాము.  ఇంటి ముందుకు వచ్చాక ఆయన అన్నాడు, నేనే చెప్తాను, నువ్వు మాట్లాడొద్దు అని.

కృపారాణి కుర్చీలు వేసింది. సన్నబడిపోయింది. బడి పిల్లలకు పాఠం చెప్పే మనిషి, మాట వెతుక్కుంటోంది. నేను ఎదురుగా కూర్చోలేకపోయాను.

రెబెకమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. నా పేరు చెప్పగానే మొహం విప్పారింది. రామ్మా అని చెయ్యి పట్టుకుంది. కాంతమ్మ ఎంత మంచిదమ్మా అంది. నాకు అర్థం కాలేదు. మెత్తగా వండి పెట్టింది, పెసరపప్పు పోసి ఇంకొంచెం తిను అవ్వా అని కొసరి కొసరి వడ్డించింది, మా చెల్లెలు కూడా నా పక్కనే కూచుని తినింది అని చెప్పుకుపోతోంది. కృపారాణి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత వంటింట్లో చెప్పింది. తెలివి వచ్చిన కాడి నుంచీ ఇదే మాట. ఆస్పత్రి గుర్తులేదు, చెల్లెలు వచ్చి చూసింది గుర్తులేదు. ఆ భోజనం గుర్తుంది. డాక్టరు ఎదురు చెప్పొద్దన్నాడంట.

నేను ముందు గదిలోకి వచ్చేసరికి ముసలామె మా ఆయన్ను అడుగుతోంది, కాంతమ్మకు పిల్లలున్నారా నాయనా అని. నిజం చెప్పడానికి వచ్చిన మనిషి.  ఇద్దరవ్వా, పెద్దోడు పోలీసు అన్నాడు. చిన్నది? చిన్నది ఆస్పత్రిలో నర్సు. ఆమె సంతోషంతో కళ్ళు మూసుకుంది.

నాకు అక్కడే ఆయన్ను కొట్టాలనిపించింది. కాళ్ళు పట్టుకోవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. నిజమూ చెప్పలేదు. కాఫీ తాగి వచ్చేశాము.

డిసెంబర్ 5

పిల్లలు పోలీసు, నర్సు అని డైరీల్లో ఎక్కడా లేదు. అక్కడే పుట్టించాడు.

డిసెంబర్ 11

పనిలో ఉండగా ఫోన్ మోగింది. గ్రూపులో రెబెకమ్మ వాయిస్ మెసేజ్. మనవరాలి చేత కృపారాణి ఫోన్ నుంచి పంపించినట్టుంది. మాట ముద్దగా ఉంది, కానీ తెలుస్తోంది. పెన్‌గంగ దాటాక ఎడమ పక్క కాంతమ్మ హోటల్ ఉండాది, ముసిలోళ్ళని తీసుకోని పోయేవాళ్ళు తప్పకుండా పోండి, సుగర్ ఉన్నోళ్ళకి మేలు, నేను తిన్నాను అని.

అరవై మంది దండాలు పెట్టారు. రాజమోహన్‌గారు, చూశారా, హోటల్ ఉందన్నమాట, పక్కకు జరిగి ఉంటుంది అన్నాడు. పొదిలి నుంచి ఎవరో ఒకాయన రాశాడు. మా నాన్నను తీసుకుని పదిహేనున అటే వెళ్తున్నాము, ఆయనకూ ఇన్సులిన్, వంతెన నుంచి సరిగ్గా ఎంత దూరం రజినిగారూ?

ఆకురాయి కింద పెట్టేశాను. ఫోర్కు పన్ను విరిగింది.

డిసెంబర్ 12

రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారగానే రాశాను. కాంతమ్మ లేదు. హోటల్ లేదు, ఎప్పుడూ లేదు. రోడ్డు పనుల్లో పోయిందని నేను రాసింది అబద్ధం. ఆ రోడ్డు నేను చూడలేదు, ఏ రోడ్డూ చూడలేదు. నేను చెప్పిన నలభై మూడూ తీసేయండి. మీ నాన్నగారికి అన్నం ముందు పెట్టాకే సూది వెయ్యండి. పంపి, ఆయనకు చదివి వినిపించాను. పాలిష్ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

గంటకు కృపారాణి ఫోన్ చేసింది.  ఇది చెవిన పడకూడదని మా అత్త దగ్గర ఫోన్ తీసేసినానక్కా అంది. ఆమెకి ఆ ముద్దన్నా ఉండనీ. నువ్వు మాత్రం మా గడప తొక్కొద్దు.

సరేనమ్మా అన్నాను.