జడదాని వంతు

9 నవంబర్ 1995, గురువారం

షహనాజ్‌ని పెళ్లికూతుర్ని చేసి మాంజాలో కూర్చోబెట్టారు. పసుపు బట్టలు, ఒళ్లంతా పసుపు, పెళ్లిదాకా గది దాటకూడదు. దాటకపోతేనేం— టీవీనే గదిలోకి లాక్కొచ్చాం.

వాళ్లన్న సౌదీలో దమ్మాం నుంచి తెచ్చిన వీడియో గేమ్. క్యాసెట్టు ఒక్కటే. రెండు రిమోట్లలో బతికున్నదీ ఒక్కటే. గేములో ముగ్గురు, మేమూ ముగ్గురం. కాబట్టి ఎవరి మనిషిని వాళ్లే ఆడాలి. బొత్తాం ఒత్తి మనిషిని మార్చగానే రిమోట్ కూడా చేతులు మారాలి. సందుల్లో దూరే పొట్టోడు నావాడు. రాళ్లు తోసే బండోడు నానీవాడు— షహనాజ్ వాళ్ల అమ్మమ్మ. గుంటలు దూకేసి, అవతలి గట్టు మీంచి జడ వదిలి మిగతా ఇద్దరినీ లాక్కునే పిల్ల షహనాజ్‌ది. అసలు పేరు ఎవరికి తెలుసు... జడది అంటాం.

నానీకి ఒక కంట్లో శుక్లం. "ఒత్తాల్నా? ఇప్పుడొత్తాల్నా?" అని అడిగేలోపు బండోడు చచ్చిపోతాడు. నవ్వీ నవ్వీ షహనాజ్‌కి ఎక్కిళ్లు. రిమోట్ నిండా పసుపు.

12 నవంబర్, ఆదివారం

పెళ్లయింది. కామారెడ్డి వెళ్లిపోయింది. తను ఏడవలేదు. నేనే.

14 నవంబర్, మంగళవారం

బడిలో పాఠాలు చెప్పి నేరుగా నానీ దగ్గరికి. ఇద్దరమే కూర్చున్నాం. మొదటి గుంటదాకా వెళ్లి ఆగాం. ఇక జడది దూకాలి. రిమోట్ నా చేతిలోనే ఉంది. బొత్తాల సందుల్లో ఇంకా పసుపు.

"నువ్వే ఒత్తు బిడ్డా. ఎవలు జూస్తున్రు?"

"దాని మనిషిని అదే ఆడాలె నానీ."

నానీ పాన్ నములుతూ కూర్చుంది. నాది మొండితనమే, తెలుసు. కానీ ఆ బొత్తాం ఒత్తానంటే షహనాజ్ లేదని ఒప్పుకున్నట్టు. ఒప్పుకోను. పెళ్లయ్యాక ఐదు శుక్రవారాలు జుమాగీ దావత్ ఉంటుందట— ఒక వారం పుట్టింట్లో, ఒక వారం అత్తారింట్లో. మొదటిది ఇక్కడే. వస్తుంది. వచ్చి దూకుతుంది.

17 నవంబర్, శుక్రవారం

వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. ఎర్ర చీర, నడవనివ్వనంత జరీ. టీవీ మీద దుప్పటి కప్పి, దాని మీద పళ్లేలు పేర్చారు! బిర్యానీ తిన్నాను, ఉప్పో కారమో తెలియలేదు. వెళ్లేముందు చెవి దగ్గరికి వచ్చి—

"జడది ఎట్లుందే సునీ?"

"గుంట కాడ నిలబడ్డది. నీ కోసమే."

నవ్వింది. చెయ్యి నొక్కింది. గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది.

21 నవంబర్, మంగళవారం

గుంటదాకా. అంతే.

24 నవంబర్, శుక్రవారం

ఈ వారం దావత్ వాళ్ల అత్తారింట్లో. బడికి పుస్తకాలు కొనాలని వంక పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కాను. పుస్తకాలు కొన్నాను కూడా. తర్వాత కాళ్లు వాటంతటవే స్టేషన్ వెనక వీధికి... ఇల్లు తెలుసు. బయట చెప్పులే చెప్పులు. పిలవని దావత్‌కి ఏ మొహంతో వెళ్లను? ఎదురుగా సోడాబండి దగ్గర నిలబడి, అక్కర్లేని సోడా తాగి తిరిగొచ్చాను. లోపలి నుంచి నవ్వు వినిపించింది. తనదో కాదో.

1 డిసెంబర్, శుక్రవారం

కడుపు మండిపోతోంది.

ఈసారి టీవీ మీద దుప్పటి లేదు. పెళ్లికొడుకు గేము చూసి ముచ్చటపడి కూర్చున్నాడు. ముగ్గురినీ ఒక్కడే ఆడాడు! టక్కున పొట్టోడు, టక్కున బండోడు, టక్కున జడది. రిమోట్ ఎవరికీ ఇచ్చేది లేదు. ఇన్నాళ్లలో మేం ముగ్గురం ఎన్నడూ మొహం చూడని మూడో మెట్టుకి చాయ్ చల్లారేలోపు వెళ్లిపోయాడు. అందరూ చప్పట్లు. పక్కనే కూర్చుని షహనాజ్ ఉర్దూలో చెబుతోంది— ఇప్పుడు దూకించండి, ఇప్పుడు జడ వదలండి.

మనిషి మంచివాడు. లేచి నానీకి కుర్చీ ఇచ్చాడు, నన్ను అక్కా అని పిలిచాడు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

అందరూ భోజనాలకు లేచాక నానీ మెల్లగా అంది: "మస్తుగ ఆడిండు పోరడు. గాని నా బండోన్ని పట్టుకునేటప్పుడు నన్నొక మాట అడగలే."

నానీని గట్టిగా పట్టుకున్నాను.

5 డిసెంబర్, మంగళవారం

పోలేదు. పిల్లల కాపీలు దిద్దాను. అన్నీ తప్పులే కనబడుతున్నాయి.

8 డిసెంబర్, శుక్రవారం

దావత్ అక్కడ. కామారెడ్డి బస్సు మా బడి ముందు నుంచే పోయింది. చూడలేదు. చూశాను.

15 డిసెంబర్, శుక్రవారం

ఆఖరి జుమాగీ. దీని తర్వాత వారం వారం రావడం ఉండదు. "ఇగ ఈద్‌కే వస్తనే" అంది. ఈద్ ఎక్కడుంది, రంజాన్ నెలే ఇంకా మొదలు కాలేదు.

మధ్యాహ్నం తనే నా చెయ్యి పట్టి లోపలి గదికి లాక్కెళ్లింది. తలుపు దగ్గరికి వేసి, నానీని మధ్యలో కూర్చోబెట్టి, క్యాసెట్టు తీసి నోటితో ఊది పెట్టింది. ముగ్గురం! బండోడు రాయి తోశాడు, ఆలస్యంగానే. పొట్టోడు సందులోంచి దూరాడు. గుంట వచ్చింది. రిమోట్ షహనాజ్‌కి ఇచ్చాను. మోకాళ్ల మీద లేచి కూర్చున్నాను. చిన్నపిల్లనా నేను?

జడది దూకింది. అటు గట్టు మీద పడింది.

అప్పుడే బయట జీపు హారన్. "షహనాజ్! ఆలస్యమైతుంది!" అని వాళ్లమ్మ. తను గబగబా లేచింది, బురఖా వెతుక్కుంది, నానీని ముద్దు పెట్టుకుంది, రిమోట్ నా ఒళ్లో పడేసింది. జడ వదలడం మరిచిపోయింది.

జీపు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వచ్చి చూస్తే జడది అవతలి గట్టు మీద ఉంది. పొట్టోడూ బండోడూ ఇవతల. నానీ టీవీకి మొహం ఆనించి చూస్తోంది.

"గా పిల్ల ఆడికి పోయి ఆగింది బిడ్డా. జెర జడ ఇడిపియ్యి. మనం గూడ పోదం."

"రేపు నానీ."

"రేపటిదాంక గట్లనే నిలబడ్తదా?"

కరెంటు పోతుందిలే, అదే ఆగిపోతుందిలే అనుకుని వచ్చేశాను. మా ఎల్లారెడ్డిలో కరెంటు పోని రోజు ఎప్పుడుంది.

16 డిసెంబర్, శనివారం

పొద్దున్నే నానీ కబురు పంపింది. నిన్నటి నుంచి కరెంటు పోలేదట. టీవీ ఆపలేదట, ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. జడది అక్కడే ఉందట.

"బడికి పొయ్యేలోపు ఒకసారి వచ్చిపొమ్మను. నాకు సరిగ అవుపడ్తలేదు, ఏ బొత్తామో దెల్వదు" అని చెప్పి పంపింది.

ఏ బొత్తామో నానీకి తెలుసు.

జడ వేసుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. మా ఇంట్లో బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది...