ముందు మెట్ల మీదుగా దిగిన పిల్ల విషయమై

రేపల్లె,
ఆదివారం.

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మాణిక్యాంబ స్వదస్తూరితో రాసి సమర్పించుకొను అర్జీ.

విషయం: అయిదో తరగతి విద్యార్థిని చి. హాసిని తనకు బహుమతిగా ఇచ్చిన పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకొనుట, అంతటితో ఆగక చదువుట – అందుకు విధించిన శిక్షను రేపు ఉదయంలోగా రద్దు చేయుట గురించి.

అయ్యా,

నా ఉద్యోగమంతా ఇతరుల అర్జీలు తీసుకోవడంతో గడిచింది. స్వయంగా ఒకటి రాయడం ఇదే మొదలు. అర్జీ ఏ బల్ల మీద ఆగుతుందో, ఏ కట్ట కిందకు జారుతుందో, 'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అంటే ఎక్కడికీ పంపలేదని ఎలా చదువుకోవాలో తమరికెంత తెలుసో నాకూ అంతే తెలుసు. కాబట్టి ఒకరినొకరం మభ్యపెట్టుకోకుండా పని జరుపుకోవచ్చునన్న నమ్మకంతో ఈ దిగువ సంగతులు మనవి చేసుకుంటున్నాను.

1. సదరు హాసిని నా కూతురు ప్రశాంతి బిడ్డ. మొన్న జూన్‌లో బాపట్ల నుంచి వచ్చి మా వీధి చివరి సుబోధ బాలవిహార్ పాఠశాలలో చేరింది. ప్రశాంతి రోజూ బాపట్లకు బస్సులో ఉద్యోగానికి వెళ్లివస్తుంది గనుక పిల్ల మంచిచెడ్డలకు బాధ్యురాలిని నేను. బాపట్లలో పిల్ల చదివిన బడిలో బహుమతి ఇస్తే పిల్లలు ఇంటికి తెచ్చుకునేవారు. అది అక్కడి అనాచారం. ఇక్కడి సదాచారం ఏమిటో పిల్లకు గాని నాకు గాని ముందుగా ఎవరూ తెలియపరచలేదు.

2. కిందటి వారం శనివారం బడి వార్షికోత్సవం జరిగింది. మహనీయుల జీవితకథలు చెప్పే పోటీలో హాసినికి మొదటి బహుమతి వచ్చింది. తమరు ముఖ్య అతిథి. ఎర్రని గిఫ్టు కాగితం చుట్టిన పుస్తకాన్ని తమ చేతుల మీదుగానే ఇచ్చారు. పుస్తకం పేరు 'సత్యవ్రతుడు సోమయ్య'. కర్లపాలెం రైతు కృష్ణకాంత్ గారు, తండ్రి వేంకటేశ్వర్లు గారి పేరు మీద చాలా ఏళ్ల కిందట బడికి విరాళమిచ్చిన 'సచ్చరిత్ర మాల' అనే సెట్టులోది. అచ్చు తెనాలి.

తమరు అప్పుడు మైకు అందుకుని, "ఈ పుస్తకం జీవితాంతం నీ దగ్గరే ఉండాలి తల్లీ. చదువుతావా మరి?" అని అడిగారు. పిల్ల మైకు అందక మునివేళ్ల మీద లేచి, "చదువుతానండీ" అంది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, వయసుకు మించి.

అధికారి నోటి ఉత్తర్వు. ఊరంతా సాక్షి. పైగా మైకులో. ఇంత పక్కా ఉత్తర్వును నేను నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. దాన్ని అక్షరాలా అమలు జరిపిన వ్యక్తి మీద చర్య తీసుకోవడం కూడా ఎన్నడూ చూడలేదు.

3. వేదికకు ముందు కొన్ని మెట్లు, వెనుక కొన్ని మెట్లు ఉన్నవి. బహుమతి అందుకున్న పిల్లలు వెనుక మెట్ల మీదుగా దిగాలి. అక్కడ శ్రావ్య టీచరు నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు ముందు పెట్టుకుని కూర్చుంటుంది. పుస్తకం టబ్బులో వేసి చాక్లెట్ తీసుకుని వెళ్లిపోవాలి. ఫొటో అయిపోయింది కాబట్టి పుస్తకంతో పనీ అయిపోయినట్టే. వచ్చే ఏడాది అదే పుస్తకానికి కొత్త కాగితం చుట్టి మరో ముఖ్య అతిథి చేతికిస్తారు. పిల్లలు వీటిని 'ఫొటో పుస్తకాలు' అంటారు. బడిలో ఒకటో తరగతి పిల్లవాడికి సైతం తెలిసిన ఈ పద్ధతి తెలియనిది ముగ్గురికే: హాసినికి, నాకు, తమరికి. మూడో పేరు మర్యాద కొద్దీ చేర్చాను.

హాసిని ముందు మెట్ల మీదుగా దిగింది. కారణం, ముందు వరుసలో నేను కూర్చున్నాను. సరాసరి నా ఒళ్లో వచ్చి పడి, "అమ్మమ్మా, నాకే!" అంది. కాగితం చిరగకుండా ఊడదీసి నాలుగు మడతలు పెట్టి నాకిచ్చి, అక్కడే చదవడం మొదలుపెట్టింది.

అయ్యా, కేసు మొత్తం ఆ మెట్ల దగ్గరే ఉంది. తక్కినదంతా దాఖలా కోసం రాస్తున్నాను.

4. సోమవారం బడికి రమ్మని కబురు వచ్చింది. పిల్లను మెచ్చుకోవడానికి పిలిచారనుకుని పట్టుచీర కట్టుకుని వెళ్లాను. కరస్పాండెంటు శ్రీనివాసరావు గారు మర్యాదగానే కూర్చోబెట్టారు.

"చిన్న విషయమేనండి, మాణిక్యాంబ గారూ. ఆ పుస్తకం పంపించేస్తారా?"

"ఏ పుస్తకమండి?"

"అదేనండి, సోమయ్య."

"అది మా పిల్లకిచ్చారుగా?"

"ఇచ్చామండి. ఇవ్వడం వేరు, ఇచ్చేయడం వేరు కదండి."

రెవెన్యూ శాఖ ఇంతకన్నా సన్నని తేడాల మీద బతుకుతుంది. పక్కనే ఉన్న శ్రావ్య టీచరు, "ఏటా కాయితం మారుస్తామండి పిన్నిగారూ, పుస్తకం మార్చం. మీ పాప వల్ల సెట్టు తెగిపోయిందండి" అని బాధపడింది.

"మరి పిల్లలు చదవద్దా అమ్మా?"

"చదివితే మాసిపోవూ?"

తర్వాత పిల్లను పిలిపించారు.

"పుస్తకం ఏదమ్మా?" అన్నారు కరస్పాండెంటు గారు.

"ఇంట్లో ఉందండి. సగం అయింది."

"అందరూ టబ్బులో వేశారు. నువ్వొక్కదానివే పట్టుకుపోయావు. అలా పట్టుకుపోతే దాన్ని ఏమంటారో తెలుసా?"

పిల్ల నిజంగానే ఆలోచించింది. "ఫస్ట్ ప్రైజంటారండి" అంది.

నేను నవ్వాను. నా నవ్వును 'పెద్దల ప్రోత్సాహం' అనే పేరుతో నేరంలో కలిపారు.

5. శిక్ష ఏమిటంటే: రేపు సోమవారం అసెంబ్లీలో, ప్రార్థన అయ్యాక, హాసిని ఆ వేదిక మీదే నిలబడి ఈ వాక్యం చదవాలి: 'నేను బడి పుస్తకాన్ని దొంగిలించాను. ఇకపై మహనీయుల బాటలో నడుస్తాను.' వాక్యం కరస్పాండెంటు గారి స్వహస్తం. కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

ఆ పుస్తకానికి బదులు తెనాలి నుంచి కొత్తది తెచ్చి టబ్బులో నేనే వేస్తానన్నాను. "పుస్తకం ముఖ్యం కాదండి, నీతి ముఖ్యం" అన్నారు. అయినా బుధవారం రైలెక్కి తెనాలి వెళ్లాను. అచ్చాఫీసు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. ఆ కుర్రవాడు సోమయ్య పేరు విని, "ఏ మోడలండి?" అని అడిగాడు.

6. పిల్ల మొండికేస్తోందని తమరికి నివేదించి ఉండవచ్చు. అది నిజం కాదు. క్షమాపణ చెప్పడానికి సిద్ధంగానే ఉంది. అద్దం ముందు నిలబడి అభ్యాసం కూడా చేసింది. 'దొంగిలించాను' దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతోంది.

"చెప్పేయరాదూ, ఒక్క మాటేగా" అన్నాను, నీరసం వచ్చి.

"సోమయ్య చెప్పలేదుగా అమ్మమ్మా."

ఇక్కడ తమరికి సోమయ్య కథ తెలపవలసి ఉన్నది. ఆయన ధాన్యపు కొట్టుకు కాపలాదారు. ఒక బస్తా తగ్గుతుంది. ఆయన తియ్యలేదు. 'తీశానని ఒక్క మాట అనేయి, వదిలేస్తారు' అని కొట్టు యజమాని, ఊరి పెద్దలు, చివరికి కట్టుకున్న భార్య కూడా బతిమాలతారు. చెయ్యనిది చేశానని చెప్పడం కూడా అబద్ధమేనంటాడు సోమయ్య. అంచేత తమరు గమనించవలసింది ఏమనగా, బడివారు అడుగుతున్న మాటను చెప్పనివ్వకుండా అడ్డుపడుతున్నది బడివారు ఇచ్చిన పుస్తకమే. అది టబ్బులో ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు.

పిల్ల ఒక రాజీ కూడా ప్రతిపాదించింది. 'దొంగిలించాను' కొట్టేసి 'తెచ్చుకున్నాను' అని రాసి తీసుకుపోయింది. శ్రీనివాసరావు గారు ఒప్పుకోలేదు.

తరగతిలో దాన్ని 'టబ్బు దొంగ' అంటున్నారు. పక్కన కూర్చునే గీతిక వేరే బెంచీకి మారిపోయింది. "దొంగల పక్కన కూర్చోవద్దందంట వాళ్లమ్మ" అని హాసిని నాతో మామూలుగానే చెప్పింది, జడ వేయించుకుంటూ. గురువారం నుంచి టిఫిన్ డబ్బా తెరవకుండా తిరిగొస్తోంది. రాత్రి కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలంటుంది. అయ్యా, పిల్ల అన్నం తినడం లేదు. దీనికి సరిపడే కార్యాలయ భాష కోసం చాలాసేపు వెతికాను. నాకు దొరకలేదు.

7. పుస్తకం స్థితిగతులు. చివరి పేజీల అంచులు విడలేదు, ఒకదానికొకటి అంటుకునే ఉన్నవి. కూరగాయల కత్తితో నేనే కోశాను. ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలు ఈ పుస్తకం పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగారో గాని, లోపలికి వెళ్లిన మొదటి మనిషి హాసిని. అక్కడ జరుగుతున్నదేమిటంటే: సోమయ్యను న్యాయాధికారి ఎదుట నిలబెట్టారు. ఊరంతా వచ్చింది. 'న్యాయాధికారి సోమయ్య వంక చూసి, గొంతు సవరించుకొని, ఇట్లు పలికెను' అని ఉంది. అంతే. తర్వాతి పేజీలో పదమూడో ఎక్కం, అదీ తలకిందులుగా. మరేదో ఎక్కాల పుస్తకం కాగితాలు ఇందులో కలిపి కుట్టేశారు. అట్ట దాకా ఎక్కాలే. న్యాయాధికారి ఏం పలికాడో లేదు. అట్ట మీద 'ప్రతి జీవితం చివర ఒక నీతి' అని పెద్దక్షరాలతో వేశారు. ఆ నీతీ లేదు. పుస్తకం ముఖ్యం కాదు, నీతి ముఖ్యం అన్న కరస్పాండెంటు గారికి ఈ విషయం తెలియపరచాలా వద్దా అన్నది తమరి విచక్షణకు వదులుతున్నాను.

దాత మీద మాత్రం ఎవరూ మాట అనకూడదు. వేరే ప్రతి ఉందేమోనని కృష్ణకాంత్ గారికి ఫోన్ చేశాను. లేదన్నారు. "పిల్లలు చదువుతున్నారాండి? మా నాన్నకి సంతకం కూడా రాదండి. అందుకనే పుస్తకాలిచ్చాం" అన్నారు. "ఒక పిల్ల చదివిందండి" అని చెప్పాను. ఆయన చాలా సంతోషించారు. అంతకుమించి ఆయనకు ఏమీ చెప్పలేదు.

కావున నా ప్రార్థన ఒక్కటే. రేపు ఆ వాక్యం పిల్ల చేత చదివించకుండా ఆపండి. దర్యాప్తు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. 'ఇచ్చినది ఇచ్చినట్టే' అని ఒక చీటీ రాసి పంపితే చాలు. తమరు ఆనాడు మైకులో చెప్పిన మాటకే అది ధ్రువీకరణ అవుతుంది. టబ్బు సంగతి తీరిక మీద చూసుకోవచ్చు. వచ్చే వార్షికోత్సవానికి ఇంకా ఏడాది ఉంది.

ఆదివారం కార్యాలయానికి తాళం గనుక ఈ అర్జీని తమ ఇంటికే తెచ్చి ఇస్తున్నాను. ఇది పద్ధతి కాదని నాకు తెలుసు. ఇలా ఇంటికి వచ్చినవాళ్లను నేనూ ఎంతోమందిని రేపు ఆఫీసుకు రమ్మని తిప్పి పంపాను. తమరు మాత్రం గుమ్మంలోనే నిలబడి చదివి చిత్తగించవలెను. రేపటికి వాయిదా వేస్తే చిత్తగించడానికి ఏమీ మిగలదు.

ఇట్లు,
సదరు చీటీ చేతికి అందే వరకు తమ విధేయురాలు,
మాణిక్యాంబ

తా.క.: ఆ రోజు తమకు కప్పిన శాలువా తమతో ఇంటికి వచ్చిందా, లేక తమరు కూడా వెనుక మెట్ల మీదుగానే దిగారా అని నేను అడగడం లేదు. అది నా పరిధి కాదు.

ఇది మడిచి కవరులో పెట్టబోతుంటే హాసిని వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరికి అమ్మమ్మా?"

"ఆఫీసరు గారికి."

"నాకు పుస్తకమిచ్చిన సారా?"

"ఆయనకే."

"మరి ఆయనకి తెలుసుంటుందిగా, న్యాయాధికారి ఏమన్నాడో?"

"తెలిసే ఉండాలి" అన్నాను.

అప్పుడది బీరువాలోంచి ఆ ఎర్ర కాగితం తీసి, పాత మడతల మీదే పుస్తకానికి మళ్లీ చుట్టి, బడి సంచిలో పెట్టుకుంది. ఎందుకే అంటే, "తిరిగిచ్చేయమంటే నీట్‌గా ఇవ్వాలిగా" అంది.

అసెంబ్లీ ఎనిమిదిన్నరకు. చీటీ రాయడం ఇబ్బంది అయితే తమరే రావచ్చు. ముందు మెట్ల మీదుగా ఎక్కండి. పిల్ల అక్కడే నిలబడి ఉంటుంది.