దాని నోట్లో మట్టి

అక్కా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. భోజనాలకి వచ్చినవాళ్లంతా నిన్ను పొగిడారు, పప్పులోకి నెయ్యి చాల్లేదని సణిగారు. ఆ సమయానికి నీ కూతురు మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర ఒక్కతే కూర్చుని మట్టి తింటోంది.

నువ్వు పోయినప్పటి నుంచీ ఇంతే. మట్టి, గోడ సున్నం, ఏది దొరికితే అది నోట్లో పెట్టేసుకుంటోంది. మీ అత్త ఏం చేసిందో తెలుసా? కారం తడిపి దాని వేళ్లకి పూసింది! అది ఏడుస్తూ ఆ చేత్తోనే కళ్లు నులుముకుంది. నేను పరుగెత్తి నీళ్లతో కడుగుతుంటే, "నా పిల్లలకీ ఇట్టాగే మాన్పించానమ్మాయ్, నువ్వు నాకు చెప్పొచ్చావా?" అంది. బావ ఫోన్లోంచి తలెత్తితే ఒట్టు.

ఇవాళ ఎవర్నీ అడక్కుండా పిల్లని గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. రక్తం తక్కువైనా ఇలా తింటారట, మనసులో దిగులున్నా తింటారట. తర్వాత దాన్ని దగ్గరికి తీసుకుని, "మట్టి ఎందుకు తింటావు తల్లీ?" అని అడిగింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఒక్కళ్లు కూడా అడగని మాట అది.

"అమ్మ మట్టిలో కలిసిపోయిందని నానమ్మ చెప్పింది" అంది నీ కూతురు.

కొడుకు నోట్లో మట్టి కొట్టిపోయావని మీ అత్త ఇప్పటికీ నిన్ను తిడుతూనే ఉందక్కా. ఆ మట్టి ఎవరి నోట్లో పడిందో రేపు నడివీధిలో నిలబెట్టి అడుగుతాను.